వెనక నుంచి వచ్చే గంట

మా డ్రిల్ సారు పోయారు. సూర్యాపేట బడిలో పిల్లల చేత చేతులు పైకెత్తించి దింపించిన సారు ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. నేను రాస్తున్నది ఆదివారాలు మమ్మల్ని సైకిళ్ళ మీద గుట్టలకూ వాగులకూ తీసుకుపోయిన సారు గురించి. పోయిన బుధవారం పొద్దున మంచం మీద లేచి కూర్చుని చాయ్ అడిగారట. చాయ్ వచ్చేలోపల ప్రాణం పోయిందట. నేను దవాఖానలో మందులు కలిపే కాంపౌండరును. చావు కబుర్లు నాకు కొత్త కావు. అయినా ఆ కబురు విన్నాక చేతిలో ఉన్న సీసాలో ఏం పోశానో, ఏం పోయలేదో గుర్తు రాలేదు. దాన్ని పారబోసి, కడిగి, మళ్ళీ మొదటి నుంచి కలిపాను.

మా జట్టుకు పేరంటూ ఏమీ లేదు. సెలవు శుక్రవారం ఉన్న రోజుల్లో ఊరివాళ్ళు మమ్మల్ని శుక్రవారం జట్టు అనేవారు. నిరుడు నవాబు పాలన పోయి, సెలవు కూడా ఆదివారానికి మారాక, అంతే సులువుగా ఆదివారం జట్టు అన్నారు. బడి సార్లు, కచేరీ గుమాస్తాలు, ఉత్తరాలు పంచే టపా కచేరీ ఆయన, నేను. కోదాడ నుంచి బట్టల కొట్టు సేటు ముందురోజే బస్సులో వచ్చి బావమరిది ఇంట్లో పడుకుని, పొద్దున్నే బావమరిది సైకిలు వేసుకుని తయారయ్యేవాడు. తెల్లవారేసరికి బడి ముందు చేరేవాళ్ళం. మూసీ ఇసుకలోనో, ఉండ్రుగొండ గుట్ట మీదనో సద్ది విప్పేవాళ్ళం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఎవరింట్లో పెరుగుంటే వాళ్ళ పెరుగన్నం. "సంపాదన లేదు, పుణ్యం లేదు, ఊరికే పోయి ఊరికే వస్తరా?" అని జనం ఆశ్చర్యపోయేవారు. సారు ఒప్పుకునేవారు. "అవు, ఊరికెనే. మిగతాయన్నీ ఏదో ఒకదాని కోసం చేస్తనే ఉన్నం గద" అనేవారు.

నేను ఆ జట్టులో ఎట్లా పడ్డానో చెప్పాలి. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో నా కుడికాలు సన్నబడిపోయింది. నడిస్తే కుంటుతాను. ఒకనాడు సారు బడిపిల్లవాడి మోకాలికి మందు కోసం దవాఖానకు వచ్చి, గోడకు ఆనించిన సైకిలు చూశారు.

"ఈ సైకిల్ ఎవలిది?"

"నాదే సారు."

"తొక్కుతవా?"

"తొక్కుత సారు. నాకు నడుసుడు కంటే తొక్కుడే అల్కగ ఉంటది."

"అయితే ఐతారం మాతోని రా." (అప్పుడు శుక్రవారమే. ఇన్నాళ్ళూ ఆదివారం అని అని నాకూ నోట అదే వస్తోంది.)

"నేను మెల్లగ తొక్కుత సారు. నా వల్ల మీ అందరికి ఆలస్యం అయితది."

"మెల్లగ తొక్కెటోడే మాకు కావాలె. లేకుంటె వీళ్ళు పందెం గుర్రాల లెక్క ఉరుకుతున్నరు."

మాట వరసకు అన్నారనుకున్నాను. బడి ముందుకు పోయాక తెలిసింది, మాట వరసకు కాదని. జట్టుకు ఉన్న ఒకే ఒక్క రూలు అదే. అందరికన్నా మెల్లగా తొక్కేవాడు ముందుండాలి. అతన్ని ఎవరూ దాటకూడదు. అందరికన్నా వెనక సారు, గాలి పంపూ పంక్చరు డబ్బీ ఉన్న సంచి హ్యాండిలుకు తగిలించుకుని. దారిలో అప్పుడప్పుడూ సారు వెనక నుంచి గంట కొడతారు. ఆయన ముందున్నవాడు అది విని తన గంట కొడతాడు, అతని ముందున్నవాడు తనది. అట్లా ఆ చప్పుడు ఒకరి నుంచి ఒకరికి పాకి నా దాకా వస్తుంది. నేను ఎడమ చెయ్యి పైకెత్తాలి. అందరూ ఉన్నారు, పోదాం అని దానర్థం. చాలాసేపు గంట రాకపోతే దిగి నిలబడాలి. ఎవరో వెనకబడ్డారన్నమాట.

మొదటిరోజు నాకు నరకం. ఊళ్ళో నా కుంటి నడకను చూసినవాళ్ళంతా నా వెనక ఉన్నారు. ఎవడు గొణుగుతాడా, ఎవడు నవ్వుతాడా అని చెవులు రిక్కించి తొక్కాను. గొణుగుడు రాలేదు. గంట వచ్చింది. చెయ్యెత్తాను. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ వచ్చింది. మూసీ చేరేసరికి నేను ఆ గంట కోసమే చెవులు రిక్కిస్తున్నాను.

సారు కొత్తవాళ్ళకు చెప్పే మాట ఒకటుంది. "ముచ్చట పెట్టుకుంట తొక్కగలిగితెనే అది మన వేగం. ముచ్చట ఆగిందంటే ఎక్కువ తొక్కుతున్నట్టు." గుట్ట ఎక్కేటప్పుడూ అదే. ఆయన ఎవరినీ చెయ్యిపట్టి లాగేవారు కాదు. పక్కన నిలబడి, వాళ్ళ అత్తగారి ఊరు ఏదో, అక్కడ ఏం పండుతుందో అడుగుతూ ఉండేవారు. ఆ జవాబులు చెప్పుకుంటూనే నేను ఉండ్రుగొండ కొస దాకా ఎక్కాను. పైన కూర్చున్నాక, మా అత్తగారి ఊరి పంటలన్నీ సారుకు కంఠతా వచ్చేసి ఉంటాయని అందరూ నవ్వారు. కాలు నొప్పి రాత్రికి తెలిసింది. అప్పటికి గుట్ట ఎక్కేసి ఉన్నాను కాబట్టి నొప్పి నన్నేం చేయలేకపోయింది.

ఆ రూలుతో మేం దారి తప్పిన కథ కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. పోయిన చలికాలం మిర్యాలగూడ మిత్రులు సైకిళ్ళ మీద నేరేడుచర్ల దాకా ఎదురొస్తామన్నారు. మేం తెల్లవారకముందే బయలుదేరాం. ఒకచోట దారి రెండుగా చీలింది. నాకు ఏది సరైనదో తెలియదు. తప్పయితే వెనకవాళ్ళు కేక వేస్తారులే అని ఒకవైపు తిప్పాను. వెనకవాళ్ళు, ముందున్నవాడికి తెలియకుండా తిప్పుతాడా అనుకున్నారు. చిట్టచివర ఉన్న సారుకు చీలిక కనిపించేసరికి అందరం తిరిగేసి ఉన్నాం. గంట కొట్టారు. చెయ్యెత్తాను. అంత పద్ధతిగా దారి తప్పిన జట్టు ఇంకోటి ఉండదు.

తప్పి తప్పి ఒక పోలీసు క్యాంపు ముందుకు చేరాం. ఆ రోజులు ఎట్లాంటివో చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. గుట్టల్లో దళాలు దాక్కున్న కాలం, నలుగురు కలిసి పోతేనే అనుమానం, గుట్ట పేరెత్తితే ఇంకా అనుమానం. జమాదారు నన్ను ఆపి, మీ పెద్ద ఎవడని ఉర్దూలో అడిగాడు. వెనక ఉన్నాడని చూపించాను. నా వెనకున్న సేటూ వెనక్కే చూపించాడు. టపా ఆయనా వెనక్కే. వరసగా అందరి వేళ్ళూ వెనక్కే తిరిగాయి. వీళ్ళు ఎవణ్ణో దాస్తున్నారని జమాదారు ముఖం ఎర్రబడింది. లారీ ఎక్కించమని పక్కవాడితో అనడం విన్నాను.

సారు వచ్చారు. సైకిలు స్టాండు వేసి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఉర్దూలోనే సలాం చెప్పారు.

"ఎక్కడికి?"

"నేరేడుచర్ల, సాబ్. దారి తప్పాం."

"ఈ గుంపు ఎప్పుడూ ఏం చేస్తుంది?"

"గుట్టలెక్కుతాం."

అబద్ధం ఆడొచ్చు కదా అనుకున్నాను.

"గుట్ట మీద ఏముంది?"

"ఏమీ లేదు సాబ్. మంచి గాలి ఉంటుంది."

"కింద గాలి లేదా?"

"ఉంది. కింద పని కూడా ఉంది."

జమాదారు మా సైకిళ్ళ వైపు నడిచాడు. సద్దిమూటలన్నీ విప్పించాడు. వాటిలో రొట్టెలు తప్ప ఏమీ దొరకలేదు. సారు సంచిలో పంపు పట్టుకుని ఇదేమిటన్నాడు. సారు ఆ పంపుతోనే క్యాంపులో గాలి దిగిపోయిన సైకిలు ఒకదానికి గాలి కొట్టి ఇచ్చారు. క్యాంపు వాళ్ళు మమ్మల్ని పొద్దెక్కేదాకా నీడలో కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళిచ్చి, దారి చూపించి పంపారు.

తిరిగి వచ్చేటప్పుడు సేటు ఊరుకోలేదు. "సారూ, ఇకనైనా ముందు దారి తెలిసినవాణ్ణి పెడదామండి. ప్రాణాల మీదికి వచ్చింది కదండి" అన్నాడు. తప్పు మాట కాదది. నేను తల వంచుకున్నాను. నా చోటు పోయిందని అనుకున్నాను.

"తొవ్వ అందరం నేర్సుకుందం సేటూ. తొవ్వ చీలిన కాడ ముందటాయన దిగాలె, అందరం వచ్చినంక అడుక్కొని పోవాలె. ముందు మాత్రం ఈయననే ఉంటడు," అన్నారు సారు. అంతే. రూలుకు ఒక మాట కలిసింది. నా చోటు నాకు ఉండిపోయింది.

ఈ వానాకాలంలో సారుకు జ్వరం వచ్చింది. మందు నేనే కలిపి ఇచ్చాను. జ్వరం తగ్గింది కానీ ఊపిరి పాత ఊపిరి కాలేదు. అమ్మ, అంటే సారు భార్య, ఒకనాడు నన్ను వాకిట్లోనే ఆపి చెప్పింది. "ఆయనకు సైకిల్ తొక్కొద్దని మాత్రం చెప్పకు బిడ్డా. అది ఇడిసిపెట్టిన్నాడు మంచం పడతడు. నేను అన్నీ సూసిన, ఆయన మంచం పడితె సూడలేను." చెప్పనని మాట ఇచ్చాను.

మళ్ళీ బయలుదేరాం. వెనక నుంచి గంట ఆలస్యంగా రావడం మొదలైంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు, చెవికే తెలుస్తోంది. కొంచెం మెల్లగా తొక్కాను. మరో వారం ఇంకా మెల్లగా. నా వెనక ఎవరూ ఏమనలేదు. సేటు కూడా అనలేదు. అంత మెల్లగా తొక్కితే సైకిలు నిలబడటమే కష్టం, అయినా అందరూ కిందా మీదా పడుతూ నిలబెట్టుకున్నారు. సారు ఎప్పటిలాగే వెనక ఉన్నారు, ఎవరూ ఆయన్ని వదిలి ముందుకు పోలేదు.

దసరా పోయాక ఉండ్రుగొండ కింద దిగాం. సారు రాతి మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుని నన్ను పిలిచారు.

"ఏందయ్యా, ఇయ్యాల గింత మెల్లగ తొక్కుతున్నవ్?"

"కాలు గుంజుతుంది సారు."

"కాలు గుంజితె నువ్వు ఎడమ భుజం వంచి తొక్కుతవ్. మలుపు తిరిగినప్పుడల్ల నీ భుజమే సూస్తుంట నేను. ఇయ్యాల సక్కగున్నది."

ఇక రానంటారేమో, సైకిలు గోడకు ఆనించేస్తారేమో అని భయమేసింది. అమ్మకు ఏం చెప్పాలి?

"మన రూలు ఏంది?" అని అడిగారు.

"మెల్లగ తొక్కెటోడు ముందుండాలె సారు."

"మరి నేను పెట్టిన రూలు నాకు లేదా?"

లేచి వెళ్ళి తన హ్యాండిలుకున్న సంచి తీసి నా హ్యాండిలుకు తగిలించారు. "నువ్వు ఎనుక ఉండు. గంట సరిగ కొట్టు, నాకు చెవులు మంచిగనే ఉన్నయ్."

ఆ సాయంత్రం సారు ముందూ, నేను చివరా సూర్యాపేటకు వచ్చాం. ఈ కాలితో నేను ఇంత గర్వంగా ఎప్పుడూ తొక్కలేదు. ఊరు చేరాక సారు ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది. "ముందుకెంచి సూస్తె తొవ్వ గిట్ల ఉంటదా! ఇన్నొద్దులు మీ ఈపులే సూసిన" అన్నారు. నాకేమో అప్పటి నుంచి వీపులు చూడటం పని అయింది. సేటు అలిసిపోతే మెడ పక్కకు వాలుస్తాడు. టపా ఆయన ముచ్చట ఆపితే మోచేతులు బయటికి వస్తాయి. సారు అలిసిపోతే మాత్రం ఇంకా నిటారుగా కూర్చునేవారు. అది చూసి నేను పంక్చరయిందని దిగేవాణ్ణి, అందరూ ఆగేవారు. ఆయన పోయే ముందు ఆదివారం కూడా మూసీ దాకా పోయి వచ్చారు. ఆయన మంచం పట్టలేదు.

బుధవారం మేం ఆ ఇంటికి నడిచే వెళ్ళాం. అమ్మ ఏడుపు ఆపి మమ్మల్ని చూసింది.

"సైకిళ్ళేవి?"

"సావుకాడికి సైకిళ్ళేంది అమ్మా," అన్నాడు టపా ఆయన.

"ఆయనతోని మీరెన్నడు నడిసిపోయిండ్రు? పోయి తెచ్చుకోండ్రి."

తెచ్చుకున్నాం. సారుకు పిల్లలు లేరు, తమ్ముడు నిప్పుకుండ పట్టాడు. డప్పుల వెనక, నిప్పుకుండ వెనక సారు పాడె. దాని వెనక మేం, ఎప్పటి వరసలోనే, సైకిళ్ళు నడిపించుకుంటూ. కబురు అందుకుని కోదాడ నుంచి వచ్చిన సేటు అందరికన్నా ముందు, పంపు సంచితో నేను అందరికన్నా చివర. పాడె మెల్లగా పోతోంది. దాన్ని ఎవరూ దాటలేదు.

సగం దారిలో, ఆనవాయితీ ప్రకారం, పాడెను కింద దింపారు. పోయినవాడు పలుకుతాడేమోనని ఆఖరిసారి చెవిలో పిలిచే చోటు అది. తమ్ముడు కుండ కింద పెట్టి, వంగి, "అన్నా" అన్నాడు. మూడుసార్లు పిలిచాడు. డప్పులు ఆగాయి. అందరం చెవులు రిక్కించి నిలబడ్డాం.

నా చెయ్యి గంట మీదికి పోయింది. కొట్టాను. నా ముందువాడు తిరిగి చూడకుండానే తన గంట కొట్టాడు. తర్వాత వాడు, ఆ తర్వాత టపా ఆయన. ఆ చప్పుడు పాకుతూ సేటు దాకా పోయింది. సేటు కూడా కొట్టాడు. అక్కడితో ఆగింది. ఇక ముందున్నది సారే.

సారు తమ్ముడికి మా రూలు తెలియదు. కళ్ళు తుడుచుకుని, నిప్పుకుండను కుడిచేతిలోకి తీసుకున్నాడు. పాడె ఎత్తమని మోసేవాళ్ళకు చెప్పడానికి ఎడమ చెయ్యి పైకెత్తాడు.

అందరం కదిలాం.