సున్నం కొట్టిన తంగేడు

రైల్వే క్వార్టర్ల ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అందరూ గులాబీలూ బంతులూ పెంచుకుంటుంటే, జ్ఞానరత్నం తన క్వార్టర్ ముందు తంగేడు మొక్కల్ని పెంచింది. కొండల్లో గొర్రెలు కూడా మూతి తిప్పుకునే మొక్కని ఈవిడ నెత్తికెక్కించుకుందేమిటని వీధంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, వాళ్ళకేం తెలుసు? పందొమ్మిది వందల ఎనభై ఏడులో ఆవిడ మొగుడి సమాధి ఆ మొక్క కాయల మీదే ఆధారపడి ఉంది.

మొగుడు లూకా యార్డులో రైళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అతను పోయాక ఆవిడకి స్టేషన్లో ప్రయాణికులకి మంచినీళ్ళు పోసే పని ఇచ్చారు. సమాధి మీద రాయి వేయించే తాహతు లేక కర్ర సిలువ పాతింది. దాన్ని చెదలు తినేశాయి. మట్టిగుట్ట వానలకి నేలమట్టమైంది. ఇంతలో చర్చి సంఘపెద్ద సత్యవేదం వచ్చి చల్లగా చెప్పాడు.

"గురుతు లేని సోట్లు కొత్తోళ్ళకి ఇచ్చేత్తన్నాం రత్నమ్మా. జాగా సాలట్లేదు. వచ్చే వానాకాలం ఎల్లేలోగా అక్కడ ఏటైనా కనపడాల."

మాట చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ మర్నాడే సమాధి దగ్గరికి నడిచింది. బంతి నాటింది, మాడిపోయింది. గులాబీ కొమ్మ గుచ్చింది, అదీ మాడిపోయింది. ఆ మొరం నేలకి రోజూ నీళ్ళు మోసుకెళ్ళడానికి శ్మశానం పెరట్లో ఉందా? అప్పుడు తన ముంగిట్లో నీళ్ళు అడక్కుండా పెరిగిన రెండు తంగేడు మొక్కలు కళ్ళబడ్డాయి. సాలూరు నుంచి అక్క బతికుండగా పంపిన గింజలవి. ఒకదాన్ని పెళ్ళగించి సమాధి మీద నాటింది. దాని తల్లివేరు ఎంత లోతుకు దిగిందో ఏమో, గునపం కింద పుటుక్కున తెగింది. మొక్క వాడిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. దాని కాయలు ముదిరితే ఆ గింజల్ని తిన్నగా సమాధి మీదే చల్లాలి. వేరే దారి లేదు.

కాయలు ఇంకా పచ్చగా ఉండగానే పెద్ద సాయెబుల, అంటే రైల్వే ఆఫీసర్ల, తనిఖీ వచ్చిపడింది. తనిఖీ అంటే రైల్వే కాలనీకి పెళ్ళికళే. గ్యాంగు కూలీలు కత్తులు పట్టుకుని క్వార్టర్ల లైను లైనూ తిరుగుతారు. పిచ్చిమొక్క కనబడితే జంగిల్ అని నరికేస్తారు. మొదలు చుట్టూ సున్నం, దాని మీద ఎర్రమట్టి గేరు పట్టీ ఉన్న చెట్టు జోలికి మాత్రం ఎవడూ పోడు, అది రైల్వే చెట్టని లెక్క. జ్ఞానరత్నానికి అదే తట్టింది. పొద్దున్నే కాస్త సున్నం కలిపి తంగేడు మొదలంతా పూసింది. దాని మీద ఎర్ర గేరుతో పట్టీ వేసింది. బెత్తెడు మొదలుకి ఆ సోకు చూసి తనకే నవ్వొచ్చింది.

గ్యాంగు వచ్చింది. గ్యాంగు పెద్ద, మేట్ సుందర్ రాజు పట్టీని చూసి పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ గండం గడిచిందనుకుంది. గడవలేదు. సాయంత్రానికి ట్యాంకరు దిగింది. రైల్వే చెట్టు కదా, సాయెబులొచ్చేసరికి పచ్చగా కనబడాలి! మొదలు చుట్టూ పళ్ళెంలా పాదు తవ్వి, పైపు పెట్టి నింపేశారు. మర్నాడూ అంతే. ఊరంతా కుళాయిల దగ్గర బిందెలతో కొట్టుకుంటుంటే, అక్కర్లేని మొక్క నీళ్ళలో మునిగింది. ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. పచ్చికాయలు ఒక్కొక్కటే బురదలో రాలుతున్నాయి. వద్దంటే గుట్టు బయటపడుతుంది, ఊరుకుంటే మొక్క కుళ్ళిపోతుంది. గుమ్మంలో నిలబడి పమిట నోట్లో కుక్కుకుంది పాపం.

మళ్ళీ ట్యాంకరు వచ్చేసరికి ఆవిడ వెళ్ళి పాదుకి అడ్డంగా నిలబడింది.

"పైపు ఆపు అన్నయ్యా."

"నీకేటైనాదమ్మా? రైల్వే సెట్టుకి రోజూ పొయ్యాలని ఆర్డరు," అన్నాడు సుందర్ రాజు.

"అది రైల్వేది కాదు. సున్నం నేనే కొట్టినాను."

మేట్ వంగి గోటితో పట్టీని గీకి చూశాడు. పైపు పట్టుకున్నవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అయితే జంగిలే కదా. నరికించకపోతే నా మెడకి సుట్టుకుంటాది. ఏటి సెయ్యమంటావ్?"

"నరుకు. కాకపోతే నన్ను నరకనియ్యి. కాయలు నేల రాలకూడదు. అయి మా ఆయన సమాధి మీద సల్లాల."

సుందర్ రాజు తన చేతిలోని కత్తి తిప్పి, పిడి ఆవిడకి అందించాడు. కన్నబిడ్డకి తల గొరిగినట్టు ఆవిడ ఒక్కో కొమ్మా పట్టుకుని కోసింది. ఒక్క కాయ జారనివ్వలేదు. తనిఖీ రోజున సాయెబుల జీపులు అద్దాలు ఎత్తుకుని దుమ్ము రేపుకుంటూ పోయాయి. ఒక్కడూ ఆ వీధి వైపు తల తిప్పలేదు. ఈ మాత్రానికా ఇంత గోల అనిపిస్తుంది ఎవరికైనా, ఒళ్ళు మండిపోతుంది కూడా.

కొమ్మల్ని ఇంట్లో దండెం మీద వేలాడదీసింది. కొన్ని కాయలు ముడుచుకుపోయాయి. కొన్ని మాత్రం మెల్లగా గోధుమరంగుకి తిరిగాయి. గోటితో చీలిస్తే లోపల గట్టి గింజలు. తొలివాన పడగానే వెళ్ళి, లూకా తల ఎక్కడో కాళ్ళెక్కడో గుర్తుచేసుకుని, ఆ చుట్టూ గింజలు పెట్టి వచ్చింది. డ్యూటీ దిగడం, శ్మశానానికి పరిగెత్తడం. నేలంతా గడ్డి లేచింది గాని తంగేడు జాడ లేదు. గింజలు పచ్చివేమో, చచ్చాయేమో అని ఆవిడ కొట్టుమిట్టాడింది.

వానలు ముదిరాక ఒక సాయంత్రం వెళ్ళేసరికి సత్యవేదం అక్కడే ఉన్నాడు. పక్కన పలుగులతో ఇద్దరు. కొత్త గొయ్యికి కొలత పెట్టడానికి నాలుగు గుంజలు పట్టుకొచ్చారు. జ్ఞానరత్నం వచ్చినదారిలోనే ఆగిపోయింది.

సత్యవేదం వంగి నేలకేసి చూస్తున్నాడు. గడ్డిలో వేరే పచ్చదనం. చిన్నచిన్న తంగేడు మొలకలు, నిలువెత్తు మనిషి పడుకున్నంత మేర, తల నుంచి కాళ్ళ దాకా చుట్టూ వరసగా లేచి ఉన్నాయి.

"గుంజలు అవతల పాతండ్రా," అన్నాడాయన మెల్లగా. "ఇక్కడ మనిషున్నాడు."

లూకా పోయిన రోజున నలుగురిలో ఏడవని జ్ఞానరత్నం, ఆ తడిమట్టిలో చతికిలబడి గొల్లున ఏడ్చింది.