పాలమూరు నుంచి దేవరకొండకు ముల్లా సాబుతో

సరదాకు బయల్దేరిన ప్రయాణం కాదిది. నిజాంను దించడానికి ఇండియా మిలిటరీ హైదరాబాదుకు వచ్చి నెల కూడా కాలేదు. రజాకార్లు తుపాకులు పారేసి మాయమయ్యారు, వాళ్ల పాపం మాత్రం ఊళ్లలో మిగిలిన సాయిబుల నెత్తిన పడింది. మా ఊరి ముల్లా రహీం చాచా ఎవరి జోలికీ పోని మనిషి. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో ఏ గొర్రెను కోయాలన్నా ఆయనే వచ్చి బిస్మిల్లా అని కోసేవాడు. గొర్రెలు కాసే మా ఇళ్లలోనే కాదు, ఊళ్లో కాపుల ఇళ్లలోనూ అంతే. దేవరకొండలో ఉన్న ఆయన కూతురికి నెలలు నిండాయి, కబురు లేదు. మా బాపు ఆయన గడ్డం గీయించి, తన ధోవతి కట్టించి, గొంగడి కప్పి నాకు అప్పగించాడు. "అడిగితే నీ పెద్దబాపని చెప్పు. పాణంతోని చేర్చు" అన్నాడు.

పాలమూరులో పొద్దున్నే కల్వకుర్తి బస్సు దొరుకుతుంది. మనిషికి కిరాయి ఒక హాలీ రూపాయి, అంటే నిజాం రూపాయి. బొగ్గుతో నడిచే బస్సు కాబట్టి ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోయాలి, డబ్బిచ్చామని దర్జాగా కూర్చుందామనుకోకండి. జడ్చర్ల దగ్గర సిపాయిలు ఎక్కి మూటలు విప్పించారు. మా మూటలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు తప్ప ఏమీ లేవు. ఒక సిపాయి చాచా ముఖం వైపు చాలాసేపు చూశాడు. గడ్డం గీసిన చోట చర్మం తెల్లగా ఉందని నాకు అప్పుడే కనిపించింది.

కల్వకుర్తిలో దేవరకొండ వైపు ఎడ్లబండిని మధ్యాహ్నం లోపలే మాట్లాడుకోవాలి, ఆ తర్వాత ఎవరూ కదలరు. బండి ఎక్కాక కాసేపటికి, బండాయన వినకుండా ఇద్దరం దిగి వెనక నడుస్తూ ఉంటే, నా మనసులో నలుగుతున్నది అడిగేశాను.

"చాచా, యాడనన్న పంది కూర పెడితే ఏం జేస్తవ్?"

"పాణం పోయే కాడ తింటే పాపం లేదు బేటా. గా కట్టడి మనిషిని బతికించనీకే పెట్టిన్రు, సంపనీకె గాదు."

"మరి గొర్రెకు నీళ్లు తాపుడు, కత్తి దాసుడు ఎందుకు?"

"జీవం మనది గాదు, పుట్టించినోనిది. ఆయన పేరు చెప్పి, అడిగి తీస్కోవాలె. భయపడ్డ జీవాన్ని కొయ్యరాదు."

భయం అనే మాట వినగానే వెనక్కి తిరిగి చూశాను. దారిలో ఎవరూ లేరు.

చారకొండ దాటాక, పొద్దుగూకే వేళ, ఒక ఊరి మొదట్లో కట్టెలు పట్టుకున్న మనుషులు బండి ఆపారు.

"ఎవలు మీరు?"

"గొల్లోల్లం. పెద్దబాపును దేవరకొండ దవాఖానకు తీస్కపోతున్న."

వాళ్లలో మీసాలాయన నవ్వాడు. "గొల్లోల్లా? మంచిగైంది. మా ఇంటి కాడ గొర్రె ఉంది. కొయ్యి, చూస్తం." ఇంటి ముందుకు నడిపించి నా చేతిలో కత్తి పెట్టాడు.

గొర్రెలు కాసేవాడినే, నిజమే. కానీ మా ఇంట్లో నా పని కాళ్లు పట్టుకోవడం వరకే. దాన్ని పడుకోబెట్టాను, చిన్నప్పటి నుంచి చూసినట్టే ముఖం పడమరకు తిప్పాను. కత్తి మెడకు ఆనగానే నా నోటి నుంచి దానంతట అదే "బిస్మిల్లా" అని వచ్చేసింది.

"తురకోడు దొరికిండు!" మీసాలాయన కట్టె నా మీదికి లేచింది.

చాచా ఊరుకుంటే ఆయన జోలికి ఎవరూ పోయేవారు కాదు. ఆయన గొంగడి తీసేసి ముందుకు వచ్చాడు. "వాడు గాదు, నేను. నేను కోస్తుంటె జూసి నేర్చిండు. పోరన్ని ఇడ్సిపెట్టుండ్రి."

కట్టె ఆయన వైపు తిరిగింది. అంతలో మీసాలాయన తల్లి ఇంట్లోంచి వచ్చింది. "ఏందిర గీ లొల్లి? మనింట్ల బిస్మిల్లా అనకుంట ఎన్నడన్న గొర్రెను కోసిన్రా? మన ముల్లా ఊరిడ్సి పోయిన కాడికెల్లి నేను కూర ముట్టిన్నా?" అని కొడుకును కసిరి, చాచాతో "నువ్వు కొయ్యి సాబూ" అంది.

కొడుకు కట్టె దించలేదు. చాచా కత్తి తీసుకుని, గొర్రెకు కనపడకుండా పక్కకు పోయి నూరాడు. దానికి నీళ్లు తాపాడు. అది కుదుటపడేదాకా మెడ నిమురుతూ కూర్చున్నాడు. తన నెత్తి మీద కట్టె ఉండగా ఆ మనిషి గొర్రె భయం తీరడం కోసం ఆగాడు. నాకు ఏడుపొచ్చింది. చివరకు మీసాలాయనే కట్టె పక్కన పడేసి వచ్చి గొర్రె కాళ్లు పట్టుకున్నాడు.

తెల్లారి అతనే డిండి వాగు దాటేదాకా మాతో వచ్చాడు. వెనక్కి మళ్లే ముందు, "మా ముల్లా యాడనన్న కనవడితే రమ్మని చెప్పు సాబూ" అన్నాడు.

"ఎందుకు పోయిండు?" అని చాచా అడిగాడు. అతను మా బండి ఎడ్ల వైపు తిరిగి కాడి పలుపులు బిగించసాగాడు.

చాచాను కూతురింట్లో దించేసి నేనొక్కడినే తిరిగొచ్చాను. ఇప్పటికీ ఆ రాత్రి వాళ్లింట్లో తిన్న కూర గుర్తొస్తే సంతోషమో బెంగో తెలియడం లేదు. ఒక ముల్లాను తరిమిన చేతులే ఇంకో ముల్లాకు అన్నం వడ్డించాయి. ఆ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. డిండి వాగును వాన పడకముందే దాటండి. దారిలో ఎక్కడైనా ఆ ఊరి ముల్లా ఎదురైతే, ఒక ముసలమ్మ కూర ముట్టకుండా ఎదురుచూస్తోందని చెప్పండి. భయం లేదు, పో అని మాత్రం చెప్పకండి. అక్కడ భయం పోయిందో లేదో నాకు తెలియదు.