వెనక పోర్టు పక్కన బొట్టు

ఏళ్ల తరబడి ఆన్ కాని పాత సీపీయూని ఇచ్చేద్దామని ఇవాళ దుమ్ము తుడిచాను. పాత సామాన్లు కొనేవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ని సీపీయూ ముందు వైపు యూఎస్‌బీ పోర్టులో పెడితే కరెంటు చాలక టిక్కుటిక్కుమనేది. వెనక పోర్టులో పెడితేనే తెరుచుకునేది. రామచంద్రపురంలో మా ఇంట్లో నేను ప్రతిసారీ ముందు పోర్టులోనే పెట్టేవాణ్ణి. సెలవులకు వచ్చిన మేనత్త కూతురు వాణి ఒకరోజు బల్ల కిందకు దూరి, తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి వెనక పోర్టు పక్కన అంటించింది.

"ఇదిగో బావా, ఇక్కడ. మళ్లీ ముందు పెట్టావంటే అత్తయ్యకి చెప్పేస్తా!"

పెద్దయ్యాక వాణినే పెళ్లి చేసుకున్నాను. తను పోయి పది నెలలైంది.

బొట్టు రంగు వెలిసింది కానీ ఊడలేదు.

"ఏంటండీ, ఇస్తున్నారా?" అన్నాడతను.

"లేదండి, ఇది ఇంకా పనిచేస్తోంది" అన్నాను.