సంపూర్ణమ్మగారి తోడేలు కథ

సంపూర్ణమ్మ ముప్పై ఒక్క ఏళ్లు విజయవాడ బస్టాండులో మైకు ముందు కూర్చుంది. గుడివాడ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, బందరు బస్సు ఎంత ఆలస్యమో జిల్లాలో సగం మందికి చెప్పింది ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "షిఫ్టులండి" అనేది. రిటైరయ్యాక భవానీపురంలో చెల్లెలి ఇంటి పై వాటాలో దిగింది. రెండు నెలలు తిరక్కముందే, మాట్లాడ్డానికి జనం లేరని బెంగ పట్టుకుంది.

చెల్లెలి కూతురు జెస్సికా ఆవిడ ఫోనులో కథలు వినే యాప్ ఒకటి పెట్టిచ్చింది. అందులో మంత్రగత్తెల ప్రేమకథలు ఆవిడకు తెగ నచ్చాయి. మంత్రగత్తె టీకొట్టు పెట్టుకుంటుంది. పున్నమికి తోడేలుగా మారే కుర్రాడు టీ తాగడానికొస్తాడు. చూపులు కలుస్తాయి. ఎవరూ ఎవరినీ చంపరు. వారంలో పదకొండు కథలు విని, పన్నెండోది మధ్యలో ఆపేసింది.

"వీళ్ల ఊళ్లో ఎప్పుడూ మంచే కురుస్తుందేమే జెస్సీ? బెజవాడలో అయితే మే నెలలో ఆ బొచ్చుతో ఎట్లా బతుకుతాడు?"

"నువ్వే చెప్పరాదూ పెద్దమ్మా" అంది జెస్సికా.

అలా మొదలైంది. ఆవిడ కథలో ఉషశ్రీ అనే మంత్రగత్తెకు భవానీపురంలో మిరపకాయ బజ్జీల బండి ఉంది. పొయ్యి వెలిగించకుండానే నూనె కాగుతుంది. జయపాల్‌కు బెంజ్ సర్కిల్ దగ్గర కళ్లజోళ్ల షాపు. పున్నమికి తోడేలైపోయినా అతను తినేది బజ్జీలే, కాకపోతే పొట్లం కాగితంతో సహా తినేస్తాడు. ఎండలు ముదిరితే ఉషశ్రీ అతని బొచ్చు కత్తిరించి, తడి గోనెపట్టా కప్పుతుంది. సంపూర్ణమ్మ రాసుకుని చదువుతుంటే జెస్సికా రికార్డు చేసి యాప్‌లో పెట్టేది. చిక్కంతా గొంతుతోనే. "జయపాల్ ఉషశ్రీ చేయి పట్టుకొనుటకు సిద్ధముగా ఉన్నాడు" అని ఆవిడ చదివేసరికి, వినేవాళ్లకు సంచులు సర్దుకుని లేవాలనిపించేది. అయినా విన్నారు. రోజురోజుకూ పెరిగారు కూడా.

ఏడో భాగంలో తోడేలు అరవాలి. జెస్సికా ఎక్కణ్ణించో దించిన అరుపు కుక్కర్ కూతలా ఉంది. మర్నాడు ఆ భాగం కింద ఒకాయన ఇలా రాశాడు: "మేడమ్, తోడేలు అట్లా అరవదండి. శ్రీశైలం రూటులో నేను స్వయంగా విన్నాను. నా పేరు ఆమోసు, రిటైర్డు డ్రైవర్ని. మీరు సరేనంటే వచ్చి అరిచి చూపిస్తాను."

మంగళవారం పొద్దున పదింటికి ఆమోసు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో బందరు హల్వా పెట్టె. మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, కిటికీ వైపు తిరిగి అరిచాడు. కింద చెల్లెలు చేతిలో గిన్నె జారవిడిచింది. వీధిలో కుక్కలన్నీ బదులిచ్చాయి. అవి ఆగాయనుకుంటే పక్క వీధివి అందుకున్నాయి.

ఎదురింట్లో ప్రార్థన చేయిస్తున్న పాస్టరు నతానియేలుగారు గబగబా మెట్లెక్కి వచ్చారు.

"ఎవరికైనా బాగాలేదా అమ్మా?"

సంపూర్ణమ్మ తలవంచుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. మంత్రగత్తెల మాట వింటే అయ్యగారు మందలిస్తారని ఆవిడ భయం. ఆయన కూర్చుని, హల్వా ముక్క తీసుకున్నారు.

"ఈ జయపాల్ మన సంఘంవాడేనా?"

"అవునండి అయ్యగారూ."

"అయితే కష్టమే. ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటాక వచ్చే ఆదివారమే కదా. ఏదో ఒక ఏడు శనివారమే పున్నమి పడుతుంది. వేకువ ఆరాధనకు ఆ అబ్బాయి ఎట్లా వస్తాడు?"

ఇది ఎవరికీ తట్టలేదు. చివరికి ఆమోసే దారి చూపించాడు. "శాలువా కప్పుకుని చివరి బెంచీలో కూర్చుంటాడండి. పాట పాడమంటే గొంతు పట్టేసిందంటాడు."

"మరి ఉషశ్రీ సంగతండీ?" అని భయంభయంగా అడిగింది సంపూర్ణమ్మ.

"ఆమె మనసు మారడానికి ఇంకా చాలా భాగాలున్నాయిగా" అంటూ అయ్యగారు లేచారు.

ఆ తర్వాత ఆమోసు ప్రతి మంగళవారం వచ్చి అరిచి వెళ్లేవాడు. ఒకసారి రికార్డు చేసిన అరుపును ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని జెస్సికాకు తెలుసు. తెలిసీ ఊరుకుంది.

మూడో నెలలో ఒకరోజు ఆయన అరవకుండా కూర్చుండిపోయాడు.

"మేడమ్, నేను శ్రీశైలం రూటు ఎప్పుడూ చెయ్యలేదండి. తోడేలు ఎట్లా అరుస్తుందో నాకు తెలియదు."

"మరి ఇన్నాళ్లూ అరిచింది?"

"మా ఇంట్లో గ్రైండరు బెల్టు జారితే అట్లాగే అరుస్తుందండి."

"మరెందుకు వచ్చారు?"

"ఇరవై ఏళ్లు మీరు చెబితే బస్సు తీశాను. ఒక్కసారి కూడా మిమ్మల్ని చూడలేదు." కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. "మా ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. మీకు అభ్యంతరం లేకపోతే మనిద్దరం ఒక ఇంట్లో ఉందామండి."

రికార్డింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. సంపూర్ణమ్మ ఫోను వంక చూసింది. "ఇది కథలోదా, బయటిదా?"

"బయటిదేనండి."

రోజుకు వెయ్యిమందికి దారి చెప్పిన మనిషికి చెవులు వేడెక్కాయి. లేచి ఫ్యాను పెంచింది. అది అప్పటికే అయిదు మీద ఉంది.

"ఆలోచించుకుంటాను. తొందరపెట్టకండి" అంది.

ఆయన తొందరపెట్టలేదు. ఆవిడే నాలుగో రోజున ఫోన్ చేసింది. జూన్‌లో నతానియేలుగారు పెళ్లి చేశారు. "ఒప్పుకుంటున్నాను" అని సంపూర్ణమ్మ అన్న మాట మైకు లేకుండానే వీధి చివర కిరాణా కొట్టుదాకా వినిపించిందట.

కథ ఇప్పుడు నూట నలభయ్యో భాగంలో ఉంది. ఉషశ్రీకి నెలలు నిండాయి. కవలలు పుట్టాలని, ఇద్దరూ పున్నమికి తోడేళ్లు కావాలని ఆమోసు పట్టు. నూనె కాగబెట్టడం వచ్చిన ఒక్క ఆడపిల్ల చాలని సంపూర్ణమ్మ. పది రోజులుగా ఇద్దరూ భోజనం దగ్గర ఇదే తగువు. ఇంతవరకు కుదిరింది మొదటి బిడ్డ పేరొక్కటే, చిన్ని అని.