రంగు తుపాకీ, గ్యాసు బుడ్డి, నా వీపు

ఆ రోజుల్లో మా రాజోలు వైపు గ్యాసు అన్న మాటకి పెద్ద మర్యాదేమీ ఉండేది కాదు. ఎండలో వచ్చినవాడు గోలీసోడా తాగి, ఓ త్రేన్పు త్రేన్చి, పైపంచెతో మూతి తుడుచుకుని ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవాడు. నేను మాత్రం మరిచిపోలేకపోయాను. మా అమ్మకి తమ్ముడొకాయన బస్టాండు పక్కన సోడా కొట్టు నడిపేవాడు. ఊరంతా ఆయన్ని సోడా మావయ్య అనే పిలిచేది. సీసాల్ని ఇనప పెట్టెలో బిగించి, పొట్టకి అడ్డంగా గోనెపట్టా కట్టుకుని చక్రం తిప్పేవాడు. నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం నేను ఆ బల్ల మీద కూర్చుని నిమ్మసోడా తాగుతుండగా, పెట్టెలోంచి అప్పుడే తీసిన సీసా ఒకటి ఆయన చేతిలో పేలింది. ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. మావయ్య ఎడమ కనుబొమ్మ మాత్రం సగం పోయింది. (పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు ఆ సగాన్ని అత్తయ్య కాటుకతో పూర్తి చేసేది.) కనుబొమ్మ పోయినవాడు మర్నాడే కొట్టు తెరిచాడు. పక్కన కూర్చున్నవాడు మాత్రం ఆనాటి నుంచి సైకిలుకి గాలి కొట్టించాలన్నా రోడ్డు అవతల నిలబడి, చెవులు మూసుకుని, "అయిందాండీ?" అని కేకేసి అడిగేవాడు.

ఇంటరుతో నా చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. మా శాఖా గ్రంథాలయంలో కింది అరల్లో చెదలు పట్టడానికి సిద్ధంగా ఉన్న పుస్తకాలన్నీ నేనే చదివాను. గ్రహాల గురించి, గొడ్ల రోగాల గురించి, ఆవిరి యంత్రాల గురించి, దొరికిన వరసలో దొరికినట్టు చదివేశాను. మూసిపెట్టిన వాయువు వేడెక్కితే పాత్ర గోడల్ని నెట్టుకొస్తుందని అక్కడే తెలుసుకున్నాను. పుస్తకాలు మనిషికి ధైర్యాన్నిస్తాయంటారు. నాకు మాత్రం భయానికి కారణాలు ఇచ్చాయి. అంతకుముందు ఊరికే భయపడేవాణ్ణి. చదివాక సకారణంగా భయపడడం మొదలుపెట్టాను. ఆ కారణాలు నలుగురికీ చెప్పేవాణ్ణి కూడా. అందువల్ల ఊళ్ళో నాకు తెలివైనవాడన్న పేరూ, పిరికివాడన్న పేరూ ఒకేసారి వచ్చాయి.

అలాంటి రోజుల్లో మా అక్క మొగుడు, అంటే మా బావగారు, మస్కట్ ఉద్యోగం వదిలి వచ్చేశారు. వచ్చీ రావడంతోనే ఈమూ కోళ్ళు పెంచారు. (వాటి గురించి ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.) ఆ తర్వాత, మస్కట్‌లో వాళ్ళ కంపెనీ వాళ్ళు ఓసారి ఆడించిన ఆటొకటి గుర్తొచ్చి, దాన్ని మన కొబ్బరితోటల్లో పెడితే గోదారి చూడ్డానికొచ్చే పట్నం జనం ఎగబడతారని నిశ్చయించారు. అది తుపాకుల ఆట. గుండుకి బదులు రంగు నింపిన మెత్తటి ఉండ వెళ్ళి అవతలివాడి చొక్కా మీద చితుకుతుంది. రంగు పడ్డవాడు ఓడినట్టు. పేరు పెయింట్‌బాల్. బావగారు గట్టు పక్కన ఒక తోట కౌలుకి తీసుకుని, హైదరాబాదులో ఎవరో వదిలించుకుంటున్న పాత తుపాకులు తెచ్చి మా ఇంట్లోనే దించారు. తుపాకుల్ని చూసి నేను భయపడలేదు. వాటితో పాటు వచ్చిన, వేరుసెనగ నూనె సీసాలంతేసి ఉన్న ఇనప బుడ్లని చూసి రెండడుగులు వెనక్కి వేశాను.

"వాటిల్లో ఏముంటుందండీ బావగారూ?"

"గ్యాసోయ్. ఉండని తన్నేది అదే కదా. సోడా గ్యాసే. మీ మావయ్య పెద్ద సిలిండరులోంచి నింపించుకొచ్చేను."

సగం కనుబొమ్మ మనిషి చేత్తో నింపిన బుడ్లు. అవి మా ధాన్యం గదిలో ఉన్నన్నాళ్ళూ నేను పెరటి దారినే ఇంట్లోకి వచ్చాను. వేసవి ముదిరేకొద్దీ నా చదువు నన్ను నిలవనీయలేదు. గోనెసంచులు తడిపి బుడ్ల మీద కప్పి, జ్వరం వచ్చిన పిల్లాడికి తడిబట్ట మార్చినట్టు పూటపూటా మారుస్తూ, మార్చినంతసేపూ ఊపిరి బిగబట్టి, గుమ్మం దాటాక వదిలేవాణ్ణి.

ఇంతలో మా రాజోలుకు తుపాకులు దిగాయన్న వార్త చుట్టుపక్కల పాకింది. పంచాయతీ పెసిడెంటు గారు కబురు పంపారు. ఆదివారం పొద్దున్నే పెద్దలతో వచ్చి కళ్ళారా చూస్తారట. ప్రమాదం లేదనిపిస్తేనే ఆట, లేకపోతే తుపాకులు ఎక్కడివక్కడికే. బావగారు నన్ను పిలిచి, కాల్చి చూపించేది నువ్వేనన్నారు. నేను నోరు తెరిచేలోపే కారణం కూడా చెప్పారు. "నేను కాలిస్తే అలవాటున్నోడంటారు. నువ్వు కాల్చేవనుకో, ఊళ్ళో ఇంకెవరికీ భయం ఉండదోయ్." వాదనలో తప్పు పట్టడానికి లేదు. పైగా నా చదువు మీద గౌరవంతో మరో పని కూడా అప్పగించారు. ఆ బుడ్డిని తుపాకీకి మూడు రకాలుగా తగిలించుకోవచ్చట. తుపాకీ వెనక బిగించి భుజానికి ఆనించుకోవడం ఒకటి. పిడి కింద వేలాడదీయడం ఒకటి. మెలికల గొట్టం ఒకటి పెట్టి, బుడ్డిని ఒంటి మీద వేరేగా ఎక్కడో కట్టుకోవడం ఒకటి. మనిషికి ఏది సుఖమో ఆదివారంలోగా నేను తేల్చాలి.

తప్పించుకుందామని అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క పెరట్లో కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. నేను చెప్పేదంతా విని, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఈమూ కోళ్ళు పోయేయి. ఇది కూడా పోయిందంటే ఆయన మళ్ళీ మస్కట్ అంటార్రా. ఈసారి వెళ్తే ఎప్పటికొస్తారో. పెళ్ళయ్యేక ఆయన్ని నేను చూసిందెన్నాళ్ళు? నువ్వు భయపడితే పడు గానీ తమ్ముడూ, ఆ ఒక్కపూటా మొహంలో కనపడనీకు."

తోటలోకి వెళ్ళి పరీక్షలు మొదలుపెట్టాను. మొదట బుడ్డిని వెనక బిగించి భుజానికి ఆనించాను. తుపాకీ కదలకుండా నిలబడింది. గురి చూడాలంటే మాత్రం చెంప బుడ్డికి తగులుతుంది. ఆ చల్లటి ఇనుము తగలగానే లోపల ఏదో టకటకమని కొట్టుకోవడం వినిపించి తుపాకీ కింద పెట్టేశాను. (కింద పెట్టాక కూడా ఆ చప్పుడు వినిపించింది. అది నా గుండె.) తర్వాత పిడి కింద తగిలించాను. చేతికి బరువు బాగానే కుదిరింది. కానీ బుడ్డి అడుగు సరిగ్గా నా బొడ్డు వైపు చూస్తోంది. నాకింకా పెళ్ళి కాలేదు. ఆ పద్ధతి గురించి ఎక్కువ ఆలోచించకుండా విప్పేశాను. అసలు సంగతేమిటంటే, బావగారు సుఖం అంటే చేతికి సుఖం అనుకున్నారు. నాకు సుఖం అంటే దూరం.

మిగిలింది గొట్టం. బుడ్డిని కొబ్బరిచెట్టుకి కట్టేసి, గొట్టం సాగినంత దూరంలో నిలబడి కాల్చడం అన్నిటికన్నా సుఖమని బావగారికి నివేదించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అవతలోళ్ళు ఆ చెట్టు దగ్గరికే వచ్చి వరసగా నిలబడతారంటావా?" అన్నారు. అప్పుడు నా కన్ను ఇంటి చూరుకి వేలాడుతున్న మా నాన్నగారి పురుగుమందు స్ప్రేయరు మీద పడింది. ఊహ వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. ఆయన ఆ డబ్బా వీపున వేసుకుని, గొట్టం చేత పట్టుకుని, మోకాలి లోతు చేలో పొద్దస్తమానం తిరిగేవారు. ఏనాడూ ఇబ్బందిగా ఉందనలేదు. మనకి తెలిసిన పద్ధతి, మన మడుల్లో పరీక్షకి నిలిచిన పద్ధతి. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

స్ప్రేయరు పటకాలు విప్పి బుడ్డికి కట్టాను. స్ప్రేయరుకి గొట్టం అడుగు నుంచి వస్తుంది కదా, అందుకని బుడ్డిని కూడా తలకిందులుగా, మూతి కిందికి వచ్చేలా పెట్టాను. బుడ్డికీ వీపుకీ మధ్య కొబ్బరిపీచు పరిచి, దాని మీద సోడా మావయ్య సంప్రదాయం ప్రకారం గోనెపట్టా నాలుగు మడతలు వేశాను. జారకుండా ఛాతీ మీద కొబ్బరితాడు చుట్టి పీటముడి వేశాను. ముడి గట్టిగా పడిందని చాలా సంతోషించాను.

ఆదివారం పొద్దున్న పెసిడెంటు గారు తెల్లటి ఖద్దరు పంచెలో, మరికొందరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు. చెట్ల నీడన కుర్చీలు వేయించి, బొండాలు కొట్టి ఇచ్చాం. కాస్త దూరంలో కుండ తలకాయ పెట్టిన దిష్టిబొమ్మని నిలబెట్టాం. బావగారు ఆయన పక్కన నిలబడి, ఆయ్, పిల్లలాటేనండీ, దోమ కుట్టినంత కూడా ఉండదండీ అని వినయంగా చెబుతున్నారు. అక్క కంచె దగ్గర నిలబడి నా మొహాన్నే చూస్తోంది. ఆ మొహాన్ని నేను ఎలాగో నిలబెట్టాను. కాళ్ళ గురించి అక్క ఏమీ చెప్పలేదు కాబట్టి అవి వాటి ఇష్టం వచ్చినట్టు వణికాయి.

మొదటి ఉండ వెళ్ళి దిష్టిబొమ్మ పొట్ట మీద పచ్చగా చితికింది. పెద్దలు తలలూపారు. రెండోది కుండకి తగిలింది. "బాగుందండీ," అన్నారు పెసిడెంటు గారు, బొండంలో మిగిలిన నీళ్ళు గుటక వేసి. మూడోసారి నొక్కాను. ఉండ బయటికి రాలేదు. తెల్లటి పొగ వచ్చింది.

మీరు పుస్తకాలు చదివేవారైతే మీకు వెంటనే అర్థమై ఉంటుంది. నాకు చాలా ఏళ్ళకి గానీ కాలేదు. బుడ్డిలో ఉన్నది గ్యాసు ఒక్కటే కాదు, అడుగున ద్రవం కూడా ఉంటుంది. మూతి పైకి ఉన్నంతసేపూ గ్యాసు మాత్రమే వస్తుంది. తలకిందులుగా పెడితే ఆ ద్రవమే గొట్టంలోకి దిగి, తుపాకీలో పడి, ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణించి పొగలు కక్కుతుంది. తుపాకీ పాములా బుసకొట్టింది. గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంది. నా వీపు చల్లబడింది. వేడెక్కితే పేలుతుందని చదివాను గానీ చల్లబడితే ఏమవుతుందో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. తెలిసిన ప్రమాదానికే అంత భయపడేవాణ్ణి, తెలియనిదానికి ఎంత భయపడాలి? తుపాకీ అవతల పారేసి పరిగెత్తాను.

అప్పుడు తెలిసింది నా పరిశోధనలో లోపం. భుజానికి ఆనించుకున్నదాన్ని వదిలేయవచ్చు. చేతిలో వేలాడేదాన్ని విసిరేయవచ్చు. వీపున కట్టుకున్నదాని నుంచి ఎక్కడికని పారిపోతాం? నేను ఎంత జోరుగా పరిగెడితే అదీ అంతే జోరుగా నాతో వచ్చింది. పారేసిన తుపాకీ కూడా గొట్టానికి వేలాడుతూ, కుక్క తోకకి కట్టిన డబ్బాలా, పొగలు కక్కుతూ నా మడమల వెంట దొర్లుకుంటూ వచ్చింది. పీటముడిని గోళ్ళతో పీకాను. రాలేదు. ఇంకో క్షణంలో సీసా పేలిన ఆ పాత చప్పుడు నా వెన్నులో వినిపిస్తుందనుకుని, మనుషులున్న చోటికి పోతే ఎవరో ఒకరు కాపాడతారన్న ఆశతో, తిన్నగా కుర్చీల మీదికే పరిగెత్తాను. కుర్చీలు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. పెద్దలు తలో దిక్కుకీ పోయారు. పెసిడెంటు గారు పంచె మోకాళ్ళ పైకి పట్టుకుని, తోట పక్క నీటి బోదె ఒక్క గెంతులో దాటి గట్టెక్కడం నా కళ్ళతో నేను చూశాను.

ఎదురొచ్చింది ఒక్క అక్కే. బొండాలు కొట్టిన కత్తి చేత్తో పట్టుకుని నాకడ్డంగా నిలబడింది. "ఆగరా," అంది. గట్టిగా కూడా అనలేదు. నేను ఆగిపోయాను. తాడు పుటుక్కున కోసి, కత్తి పడేసి, పటకాల్లోంచి బుడ్డిని లాగి, కాలవ నుంచి నీళ్ళు తెచ్చే అలవాటు కొద్దీ బిందెలా చంకనెత్తుకుంది. బిందెని ఎవరూ తలకిందులుగా ఎత్తుకోరు కదా, మూతి పైకొచ్చింది. బుస తగ్గింది. ఇంకాస్సేపటికి పొగ కూడా ఆగింది. అక్క వంగి, గొట్టానికి వేలాడుతున్న తుపాకీని రెండో చేత్తో తీసుకుని, దిష్టిబొమ్మ వైపు పెట్టి నొక్కింది. టప్పున వెళ్ళి కుండ నుదుటి మీద ఎర్రగా బొట్టులా పడింది.

బావగారు ఒక చెట్టు వెనక నుంచి మెల్లగా బయటికి వచ్చారు. గట్టు మీద నుంచి పెసిడెంటు గారు దిగి వస్తున్నారు. ఆయన మొహం చూసి మా పని అయిపోయిందనుకున్నాను. అక్క కూడా అదే అనుకున్నట్టుంది. బుడ్డిని చంకలో మరింత గట్టిగా పట్టుకుంది. ఆయన పంచె దులుపుకుని, తన వెనకాలే ఒక్కొక్కరూ చేరుతున్న పెద్దల వైపు చూశారు. ఈ ఆట ప్రమాదం అంటే తాను పారిపోయినట్టు ఒప్పుకోవాలి. ప్రమాదం లేదంటే, అదిగో, కేవలం లేచి గట్టు దాకా వెళ్ళినట్టు.

"ఆడకూతురు చంకనెత్తుకుని కాల్చేసింది. ఇందులో భయపడ్డానికేముందండీ?" అన్నారు. "పైన కొబ్బరాకు ఊగుతుంటే మీద పడుద్దేమోనని నేను పక్కకెళ్ళేను."

"ఆయ్, నేనూ చూసేనండీ, బాగా ఊగిందండీ," అన్నారు బావగారు.

పెద్దలందరూ తలెత్తి ఆ ఆకుని చూశారు. అంతమంది చూసినా అది కదల్లేదు.

ఆ ఆట మా తోటలో కొన్ని వేసవులు నడిచింది. మగవాళ్ళు బుడ్డిని వెనక బిగించి భుజానికి ఆనించుకునేవారు. ఆడపిల్లలు గొట్టం పెట్టించుకుని చంకలో పెట్టుకునేవారు. అదే సుఖమని అక్క నేర్పేది. నేను గేటు దగ్గర చెప్పులు చూసుకునేవాణ్ణి. తర్వాత తోట ఆసామి తోట వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి బావగారికి ఇక్కడి నేలలో వేళ్ళు దిగాయి. సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నారు. మస్కట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న మా ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు వంటగ్యాసు అయిపోయింది. కొత్త సిలిండరు పక్కనే ఉంది. సీలు తీయడం గురించీ, వాషరు చూసుకోవడం గురించీ నేను చదివినంత మా వీధిలో ఇంకెవరూ చదివి ఉండరు. అంతా మరోసారి మననం చేసుకుని, అక్కకి ఫోను చేశాను. మోకాళ్ళ నొప్పులతోనే బావగారి స్కూటరెక్కి వచ్చింది. నేను వీధి గుమ్మం బయట నిలబడ్డాను.

"ఇంకా ఏవిట్రా చదువుతున్నావు?" అని లోపల నుంచి అడిగింది.

"చాలా చదివేనక్కా."

"మరే, తెలుస్తానే ఉంది," అంది.

పక్కన ఎవరో నిలబడ్డట్టయితే తిరిగి చూశాను. బావగారు. మీరు లోపలికి వెళ్ళరేమండీ అని అడిగాను. స్కూటరు ఎండలో ఉందట, సీటు కాలిపోతుందేమోనని చూస్తున్నారట. ఆ రోజు తోటలో తుపాకీ ఆయన చేతికి కాకుండా నా చేతికే ఎందుకొచ్చిందో ఇన్నేళ్ళకి అర్థమైంది. స్కూటరు పూర్తిగా వేపచెట్టు నీడలో ఉంది. లోపల సిలిండరు బుస్సుమని, మళ్ళీ ఊరుకునే దాకా, ఇద్దరం కలిసి ఆ స్కూటరునే చూస్తూ నిలబడ్డాం.