డెబ్బై ఆరు మెట్లు, కుడికాలు ముందు

మార్చి 3, సోమవారం. ఉదయం 7.40. గుంటూరు శివార్లలో మిరపకాయల కోల్డ్ స్టోరేజి, మెయిన్ గేటు.

హాజరైనవారు: మేనేజరు, వేబ్రిడ్జి గుమాస్తా, ముఠా మేస్త్రి, అతని వెనక పదహారు మంది హమాలీలు, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చాను. ఇప్పుడు అరవై నాలుగు. మా ఊరు అద్దంకి దగ్గర. ఈ వయసులో సెక్యూరిటీ డ్యూటీ ఎందుకని మా వాళ్ళు చాలామంది అడిగారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు భూభాగం. కింది హాలు కాక పైన నాలుగంతస్తులు. కిటికీలు లేవు. మధ్యాహ్నానికి బయట ముప్పై ఆరు డిగ్రీలు, లోపల ఏడు. అంతస్తుకి పంతొమ్మిది మెట్లు, మొత్తం డెబ్బై ఆరు. లిఫ్టు లేదు. గేటు బయట టిక్కీల లోడుతో లారీలు, ట్రాక్టర్లు అర కిలోమీటరు పొడుగున ఉన్నాయి. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. గాలి పీలిస్తే తుమ్ము, మాట్లాడితే దగ్గు.

సామాను: టార్చి, విజిల్, వాకీటాకీ, ఉన్ని కోటు, మూతికి కట్టుకోవడానికి తడి తువ్వాలు.

ఆర్డర్లు: తొమ్మిదికి, ఒంటి గంటకి, ఐదింటికి రౌండు. ప్రతి అంతస్తులో థర్మామీటరు చదవాలి. తడిసిన బస్తా ఉంటే వాసన పట్టాలి. కిందికి చెప్పాలి. మే 31 దాకా, తొంభై రోజులు.

మొదటి రౌండు తేలిగ్గానే ఎక్కాను. పైనుంచి వాకీలో చెప్పాను.

"నాలుగో అంతస్తు. ఏడు డిగ్రీలు. అంతా బాగుంది. ఓవర్."

"ఓవర్ అంటే ఏంటండీ?" అన్నాడు వేబ్రిడ్జి గుమాస్తా.

"నేను చెప్పడం అయింది, నువ్వు చెప్పు అని."

"నాకు చెప్పేదేం లేదండీ. టిఫిను వచ్చింది."

దిగడం మొదలుపెట్టాను. మూడో మెట్టు దగ్గర కుడి మోకాలి చిప్ప వెనక సూది దిగినట్టయింది. చిప్ప కింద ఇసుక నలిగిన చప్పుడు. కమ్మీ పట్టుకుని డెబ్బై ఆరు మెట్లూ దిగేసరికి పదకొండు నిమిషాలు.

ఆ మోకాలు పాతదే. నలభై ఒకటో ఏట, కొండ మీద పోస్టుకి సామాను చేరవేస్తూ లారీ మీంచి దూకాను. కుడి మోకాలు నేరుగా బండకి తగిలింది. మెడికల్ బోర్డు నా కేటగిరీ తగ్గించింది. కొండ మీద మా డ్యూటీ గడువు ఇంకా నాలుగు నెలలుండగానే నన్ను కొండ దింపి స్టోరులో కూర్చోబెట్టారు. తర్వాత మా సెక్షను వరసగా నడుచుకుంటూ దిగొచ్చింది. ఆ వరసలో నేను లేను. స్టోరు గుమ్మంలో నిలబడి సలాం చేశాను. అప్పట్నుంచీ ఒకటే కోరిక. ఒక్క డ్యూటీ అయినా ఆఖరి రోజు దాకా చేసి, నా కాళ్ళ మీద నేను దిగి రావాలి. ఈ ఉద్యోగానికి వచ్చింది అందుకే.

మొదటి నెల నా వైద్యం నేనే చేసుకున్నాను. నొప్పి ఉంటే కదపకూడదన్నది నా సిద్ధాంతం. రౌండుకీ రౌండుకీ మధ్య గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, కాలు కిందికి ముడుచుకుని రెండు మూడేసి గంటలు కూర్చునేవాణ్ణి. లేచేటప్పుడు ప్రాణం పోయేది. అయినా సిద్ధాంతం మార్చలేదు.

"గుజ్జు అరిగిపోయిందండీ," అని తేల్చాడు గుమాస్తా. "బెండకాయ తినండి. ఆ జిగురంతా మోకాల్లోకి దిగుద్ది."

ఫోనులో మా ఆవిడదీ అదే మాట. పైగా బస్సులో నల్లేరు పచ్చడి సీసా పంపింది. డైరీ నుంచి: "బెండకాయ వేపుడు, పులుసు, పచ్చికాయ, 14 రోజులు. మోకాలిలో మార్పు లేదు. బెండకాయ మీద ఇష్టం పూర్తిగా అరిగింది."

ఏప్రిల్ 1న మేనేజరు పిలిచాడు. మంచివాడే. చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు.

"మిలట్రీ గారూ, ఐదింటి రౌండుకి వెళ్ళి ఆరున్నరకి దిగుతున్నారు. సరుకంతా రైతులది. నా భయం నాది. ఇరవై ఒకటిన నేనూ మీతో వస్తాను. గంటలో రౌండు అయితే సరే. లేకపోతే ఇంటి దగ్గర హాయిగా ఉండండి. ఏమనుకోకండి."

మళ్ళీ మధ్యలో దింపడమన్నమాట.

మర్నాడు గుంటూరులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళ అమ్మాయి. మోకాలి చిప్ప నొక్కింది, జరిపింది, చిన్న బల్ల మీంచి దిగమని చూసింది.

"గుజ్జు అరిగిపోయిందా అమ్మా?"

"గుజ్జు అనడానికి అదేమన్నా చింతపండా తాతగారూ? మాది చీమకుర్తి. మా నాన్న గ్రానైటు పాలిష్ పని చేస్తారు. పాలిష్ చేసిన బండ మీద చెయ్యి ఎలా జారుతుందో తెలుసుగా? చిప్ప వెనక అంత నున్నటి పొర ఉంటుంది. కాకపోతే రబ్బరులా కొంచెం మెత్తగా ఉంటుంది. తొడ ఎముక చివర ఒక గాడి. కాలు ముడిచినా చాపినా చిప్ప ఆ గాడిలో జారుతుంది. మీ పొర ఆనాటి దెబ్బకి మెత్తబడి గరుకెక్కింది."

"మళ్ళీ పాలిష్ పట్టలేరా?"

"దానికి రక్తం అందదు. తనంతట తను మానడం కష్టం. అసలు దాన్లో నరాలే లేవు. నొప్పి పుట్టేది దాని కింది ఎముకలోంచీ, చుట్టుపక్కల నుంచీ. పొర సంగతి వదిలేయండి. దాని మీద పడే ఒత్తిడి తగ్గిద్దాం. మీరు రోజంతా ఏం చేస్తారు?"

కుర్చీ సంగతి చెప్పాను. టేపు తీసి రెండు తొడలూ కొలిచింది. కుడిది రెండు సెంటీమీటర్లు తక్కువ.

"కాలు ముడిచి కూర్చుంటే చిప్ప గాడికి అదుముకునే ఉంటుంది. పైగా కదలకపోతే తొడ కండ కరిగిపోతుంది. చిప్పని సరిగ్గా నడిపించేది ఆ కండే. విశ్రాంతి అనుకుని దాన్నే నీరసపెట్టారు."

ఆర్డర్లు ఇచ్చింది. కాలు చాపి, మోకాలు వంచకుండా జానెడు ఎత్తి పది అంకెలు లెక్కపెట్టాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. గొంతుక్కూర్చోకూడదు. మోకాలు వాచినా, కదలకుండా పట్టేసినా వెంటనే డాక్టరుకి చూపించాలి. ఆఖరిది మెట్ల సంగతి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. దిగేటప్పుడు పై మెట్టు మీద మిగిలే కాలే వంగుతూ ఒళ్ళంతా మోస్తుంది. ఆ పని మంచి కాలికి అప్పగించాలి.

అన్నీ డైరీలో రాసుకున్నాను. మర్నాడు తొమ్మిదింటికి నాలుగో అంతస్తు మెట్ల మీద నిలబడ్డాను. దిగాను. మళ్ళీ అదే సూది.

కింద బస్తా దించుకున్న మేస్త్రి తలెత్తి చూశాడు. నా ఈడువాడే.

"అన్నా, ఆగు. నొప్పి ఏ కాలు?"

"కుడి."

"మరి ఎడమకాలు దించుతావేంది? బరువంతా కుడికాలు మోస్తంది. ముప్పై ఏళ్ళుగా ఈ మెట్ల మీద కాళ్ళే చూస్తన్నా. మొహాలు చూస్తే బస్తా జారుద్ది."

కిందికి చూసుకున్నాను. నిజమే. ఇరవై రెండేళ్ళు కవాతులో 'తేజ్ చల్' అన్న కేక వినగానే ఎడమకాలు లేచిన శరీరం ఇది. కుడికాలు ముందేస్తే డ్రిల్లు ఉస్తాదు రైఫిలు తలపైకెత్తించి మైదానమంతా పరిగెత్తించేవాడు. ఉస్తాదు పోయాడు, భయం కాలిలో ఉండిపోయింది.

"నిన్ననే చెప్పిందయ్యా ఆ అమ్మాయి. రాసుకున్నాను కూడా."

"మరి?"

"ఆర్డరు కాలికి అందలేదు."

మేస్త్రి పడీపడీ నవ్వాడు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాది ఎడమ. ఐదేళ్ళయింది. ఎట్టా దిగాలో పడతా లేస్తా నేనే కనిపెట్టుకున్నా. ముఠాలో చెప్పలా. చెబితే 'మేస్త్రీ, నువ్వు కూర్చో' అంటారు. కూర్చుంటే ఇంక అయిపోయినట్టే."

ఆ రోజు నుంచి నేను మెట్ల పైకి రాగానే అతను కింద నుంచి "కుడీ!" అని కేక పెట్టేవాడు. వారంలో ముఠా అంతా అందుకుంది. పదిహేడు గొంతులు. "కుడీ!" ఒక్క మెట్టుకి కూడా మినహాయింపు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖాళీ గోనెసంచుల మీద కాళ్ళు చాపుకుని కసరత్తు. నాకు తోడన్న సాకుతో మేస్త్రి కూడా పక్కన చేరి ఎడమకాలు ఎత్తేవాడు.

"పెళ్ళికొడుకులిద్దరూ కాళ్ళు చాపారు, పారాణి తెండ్రా!" అని కుర్రహమాలీలు అరిచేవారు.

ప్లాస్టిక్ కుర్చీ గుమాస్తాకి ఇచ్చేశాను. అరగంటకోసారి లేచి గేటు దాకా నడిచాను.

ఏప్రిల్ 21, సాయంత్రం 5.00. మేనేజరు చేతి గడియారం చూసుకుని నా వెనక ఎక్కాడు. తువ్వాలు కట్టుకోమన్నాను, వద్దన్నాడు. నాలుగు అంతస్తుల్లో థర్మామీటర్లూ చదివాను. కుడికాలు ముందేసుకుంటూ దిగి 5.52కి హాలులో నిలబడ్డాను. వెనక ఎవరూ లేరు.

"మేనేజరుగారు ఎక్కడండీ? ఓవర్," అంది వాకీ. గుమాస్తా నేర్చుకున్నాడు.

"రెండో అంతస్తులో తుమ్ముతున్నారు. ఓవర్."

ఆరు దాటాక కళ్ళు తుడుచుకుంటూ దిగాడు. "మే ముప్పై ఒకటి దాకా మీరే," అన్నాడు. ఇంకో తుమ్ము.

నొప్పి మాయమైందని చెప్పను. డైరీలో రోజూ పదికి ఇన్ని అని వేసేవాణ్ణి. ఏడు దగ్గర మొదలైంది మూడుకొచ్చింది. మూడుతో మనిషి డ్యూటీ చేయగలడు.

మే 31, శనివారం. బయట నలభై నాలుగు. ఐదింటి రౌండు ఆఖరిది. మేస్త్రి ఖాళీ చేతులతో నాతో పైకొచ్చాడు. చాంబరు తలుపు తీసేసరికి తెల్లటి చలిపొగ బయటికొచ్చి, మా కాళ్ళ చుట్టూ తిరిగి, మాకంటే ముందు మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నేను ఎడమ పక్క, అతను కుడి పక్క. నా కుడికాలూ అతని ఎడమకాలూ ఒకేసారి దిగాయి. మళ్ళీ ఒకేసారి. మూడుకాళ్ళ పరుగుపందెంలో కాళ్ళు కట్టేసిన పిల్లల్లా డెబ్బై ఆరు మెట్లూ దిగాం. కింద పదహారు మందీ చూస్తున్నారు. ఈసారి ఎవరూ కేక పెట్టలేదు.

హాలులోకి దిగాక మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, నాకు ఎడమ మోకాలు బాలేదు. ఐదేళ్ళయింది."

"మాకు తెలుసులే మేస్త్రీ," అన్నాడు ముందున్నవాడు. "మూడేళ్ళ నించి బరువు టిక్కీ నీ వీపు మీద ఎవడన్నా పెట్టాడా?"

అందరికంటే పెద్దగా మేస్త్రే నవ్వాడు.

రాత్రి బస్సుకి ఇల్లు చేరాను. ఇన్నేళ్ళూ నాకు కలలోకి వస్తూ ఉన్న కొండ పోస్టు ఆ తర్వాత రావడం తగ్గింది. ఇప్పుడు కళ్ళు మూస్తే వచ్చేది ఆ చలిపొగ, అందులో దిగుతున్న నాలుగు కాళ్ళు.

జూన్ 1, ఆదివారం. ఉదయం 5.30. మా అరుగుకి మూడు మెట్లు. పళ్ళు తోముకోవడానికి దిగబోయాను. ఎవరూ కేక పెట్టకుండానే కుడికాలు ముందు కదిలింది. మొదటి మెట్టు మీద ఆగి, కుడి పక్కకి చూశాను.

"ఎవరికోసం ఆగారు?" అంది మా ఆవిడ. ఆమె ఒళ్ళో చేటనిండా బెండకాయలు.