నీళ్లు వెనక్కి పోతే పైకి ఉరుకు

సునామీ వచ్చి ఐదేళ్లు నిండిన డిసెంబరులో నేను కోడేరు పోయాను. సాయమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నా కొడుకు నర్సిములు గూడ మద్రాసు దిక్కే కూలికి పోతుండు, పెండ్లాం బిడ్డతోటి. నువ్వు సదువుకున్నదానివి, జర వచ్చి చెప్పు." సాయమ్మది మా పుట్టింటి పక్కిల్లు. ఆమె మొగుడు వెంకటయ్య ఆ తీరంలోనే సునామీలో కొట్టుకుపోయాడు.

గద్వాలలో పొద్దున ఏడింటికి వనపర్తి బస్సెక్కాను. పక్క సీట్లో అలంపూర్ ఆయన. అక్టోబరు వరద బురద ఇంకా ఇంట్లోంచి పూర్తిగా పోలేదట. నా పని చెప్తే, "ఇప్పుడు సముద్రంల మిషన్లు పెట్టిన్రు గదమ్మా, సునామీ వచ్చేది హైదరాబాదుల ముందే తెలుస్తదంట" అన్నాడు.

"తెలిసేది హైదరాబాదుల, నీళ్లొచ్చేది మద్రాసుల. నడుమ ఎవరు ఉరకాలె?"

"వరదప్పుడు మాకు మైకుల చెప్పనే చెప్పిన్రు. గింత దూరం వస్తదా అని మేమే కూసున్నం."

ఆ మాటతో నా వాదన సగం చచ్చింది.

వనపర్తిలో తిన్న ఇడ్లీ చల్లారి రబ్బరులా సాగింది. ఆ దారిన పోయేవాళ్లు ఇంట్లోనే తిని బయల్దేరండి. నాగర్‌కర్నూలులో బస్సు మారి కోడేరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

కూలీలను తోలుకుపోయే మేస్త్రీ తెచ్చిన డీసీఎం వ్యానులో మూటలు, గిన్నెలు ఎక్కిస్తున్నారు. కొడుకు చెయ్యి పట్టుకొని సాయమ్మది ఒకటే మాట: "నీళ్లు ఎనక్కి పోతే దిగకు కొడకా, పైకి ఉరుకు."

వెంకటయ్య దిగాడు మరి. సముద్రం వెనక్కి పోయి ఇసుకలో చేపలు తన్నుకుంటుంటే, మన చెరువు ఎండినప్పుడు దిగినట్టే గంప పట్టుకొని దిగాడని తోటి కూలీలు వచ్చి చెప్పారు. నీళ్లు తగ్గితే చేపలు దొరుకుతాయని ఈ మెట్టనేలలో అందరికీ తెలుసు. పోయిన నీళ్లు మీదికి తిరిగొస్తాయని ఎవరికి తెలుసు?

నర్సిములు నవ్వాడు. "గా కాలం పోయిందే అమ్మా. ఇప్పుడు సైరన్ కొడ్తరు, మైకుల చెప్తరు. నువ్వన్న చెప్పు పెద్దమ్మా."

నిజమేనన్నాను. అయినా మేస్త్రీని వదల్లేదు. "ఆడ మైకుల అరవంల చెప్తరు. మనోళ్లకు ఎవరు చెప్పాలె?"

"మంది ఉరుకుతుంటే ఉరకాలె మేడం. దానికి బాస ఎందుకు?"

"కాంక్రీటు మిషన్ కాడ తల వంచి పనిచేసేటోనికి మంది యాడ కనపడ్తరు?"

"గట్లయితే మీరే రాండ్రి, మైకు పట్టుకుందురు."

బండిలో వాళ్లంతా నవ్వారు. సాయమ్మ నవ్వలేదు.

బండి స్టార్టయింది. నర్సిములు పెండ్లాం మణెమ్మ ఒళ్లో బిడ్డను చూసి, మొగుడి ముఖం చూసింది. అతను బిడ్డను ఎత్తి, బండి వెనక నుంచి కిందికి వంగి సాయమ్మ చేతుల్లో పెట్టాడు. "ఒక్కదానివే ఉంటవ్ గద, నీ తానే ఉండనీ" అన్నాడు. మణెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కోసేసిన చేన్ల మీద పొద్దు వాలుతోంది. మిషన్లు వచ్చాయి, మంచిదే, నేను కాదనను. ఆ కబురు కూలివాళ్ల గుడిసె దాకా ఎట్లా చేరుతుందో మాత్రం దారిలో ఎవరూ చెప్పలేకపోయారు. సైరన్ మీద అంత నమ్మకముంటే బిడ్డను ఎందుకు దింపావురా అని నర్సిములును అడగాల్సింది. బండి కదులుతుంటే నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికే సాయమ్మ, ఏడుస్తున్న పిల్లను చంకనేసుకొని, బండి వైపు తిరిగి చూడకుండా గబగబా ఇంటికి నడుస్తోంది.